అరసున్న, బండి ఱ: ఇక వదిలేయవచ్చా?

ప్రశ్న: పాత పెద్దబాలశిక్ష పెట్టుకుని మా మనవడికి తెలుగు నేర్పుతున్నాను. అందులో ‘వాఁడు’, ‘మూఁడు’, ‘గుఱ్ఱము’ అని ఉంది. వాడి బడి పుస్తకంలో అరసున్నా లేదు, బండి ఱా లేదు. ఇన్నేళ్లు భాషను మోసిన అక్షరాలను ఇలా వదిలేయడం ఏరు దాటి తెప్ప తగలేయడం కాదా? వాడి చేత ఎలా రాయించమంటారు?

జవాబు: బడి పుస్తకంలో ఉన్నట్టే రాయించండి. ఆ అక్షరాలంటే నాకూ ప్రాణమే. కానీ మీ సామెతనే చూడండి. నదిని పూర్వం బండి ఱతో ‘ఏఱు’ అని రాసేవారు. మామూలు రేఫతో, అంటే ‘ర’తో, ‘ఏరు’ అని రాస్తే నాగలి. ఏరువాకలో ఉన్నది అదే. మీరు మామూలు రేఫతోనే రాశారు. అయినా పక్కన తెప్ప ఉండగా నాగలి ఎవరికి తోస్తుంది? అలాగే ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య. ‘పోయిన ఏడు ఏడు బస్తాలు పండాయి’ అంటే ఏ రైతూ తడబడడు.

అరసున్న ఊరికే పుట్టలేదు. తమిళంలో మూన్ఱు, ఆండు. మనకు మూఁడు, ఏఁడు. పోయిన అనునాసికానికి, అంటే ముక్కుతో పలికే ధ్వనికి, అది గుర్తు. రాయలసీమవారి ‘వాండ్లు’లో అది ఇప్పటికీ నిండుగా వినిపిస్తుంది. మిగిలినచోట్ల నాలుక దాన్ని ఎప్పుడో విడిచింది, రాత మాత్రం పట్టుకుని ఉండిపోయింది. దాంతో ఏ మాటకు అరసున్న ఉందో చెవి చెప్పదు, కంఠస్థం చేయాల్సిందే. గ్రాంథికం రాయాలన్న పండితులే గ్రాంథికంలో తప్పులు రాస్తున్నారని వాడుకభాష కోసం ఉద్యమించిన గిడుగు రామమూర్తి (1863–1940) ఎత్తిచూపారు. పండితులకే పట్టుబడనిదాన్ని పసివాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

వదులుకోవడం మనతో మొదలైంది కూడా కాదు. తొలి తెలుగు శాసనాలు వేయించిన రేనాటి చోళరాజుల నాటి రాతల్లో ‘ఴ’ అనే అక్షరం ఉండేది. ఏడు అనే సంఖ్య తమిళంలో నేటికీ ఆ అక్షరంతోనే ఉంది. మనకు మాత్రం నన్నయ నాటికే, అంటే 11వ శతాబ్దికే, అది డ, ళ వంటి అక్షరాల్లో కలిసిపోయింది. అది లేకుండానే భారతం తెలుగైంది.

ఇందుకు భిన్నమైన ముచ్చట ఒకటి. ‘చలి’లో చ వేరు, ‘చీమ’లో చ వేరు; పలికి చూడండి. మొదటిదానికి ౘ అనే గుర్తు ఉంది, కానీ వాడుకలో నిలవలేదు. అచ్చతెలుగు మాటల్లో పక్కనున్న అచ్చే ఎలా పలకాలో చెబుతుంది. అ, ఉ, ఒల ముందు దంత్యం (నాలుక పళ్ల దగ్గర తగిలేది), ఇ, ఎల ముందు తాలవ్యం (అంగిలికి తగిలేది). ధ్వని బతికే ఉంది, గుర్తు అక్కరలేకపోయింది.

అయితే ఈ మాట నేటి రాతకే. పాత కావ్యాలను అరసున్నలు ఏరేసి అచ్చువేస్తుంటే నాకు కడుపు మండుతుంది. పోతన ‘పలికించెడివాఁడు రామభద్రుండఁట’ అన్నాడు. రామభద్రుఁడు, రామభద్రుండు రెండూ సాధువే. అరసున్న ముందరి అక్షరాన్ని గురువు (ఛందస్సులో రెండు మాత్రల అక్షరం) చేయదు, నిండుసున్న చేస్తుంది. ఏది ఎక్కడ వేయాలో పద్యం నడకే నిర్ణయిస్తుంది. ఆ వెంటనే ‘నేఁ బలికిన’ అంటాడు. ‘నేను’లోని నకారం అరసున్నగా మారి, ‘పలికిన’ను ‘బలికిన’ చేసింది. అరసున్న చెరిపేస్తే ‘బ’ ఎందుకు వచ్చిందో పిల్లవాడికి చెప్పే దారి పోతుంది. ఆ పద్యంలోనే ‘వేఱొండు’ కూడా ఉంది. కాబట్టి మనవడికి ఈ రెండు అక్షరాలనూ గుర్తుపట్టడం నేర్పండి, రాయమని ఒత్తిడి చేయకండి.

ఇదే వాదంతో ళ, ణలను కూడా తీసేద్దామనేవారున్నారు. దానికి మాత్రం ఒప్పుకోకండి. కల వేరు, కళ వేరు. వాని వేరు, వాణి వేరు. ఆ తేడా మన నాలుక మీద ఇంకా ఉంది. మీ మనవడు ‘వేళ’ను ‘వేల’ అని రాస్తే అప్పుడు దిద్దించండి.