మొదటి రోజే జంతువులు కనిపిస్తాయా?

ప్రశ్న: మేం దంపతులం గాలాపగోస్ దీవుల ఓడ ప్రయాణానికి సిద్ధమవుతున్నాం. మొదటి రోజు విమానం, సామాన్ల హడావుడితోనే గడిచిపోతుందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉదయమంతా దాదాపు అంతే. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరానికి సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలోని ఈ దీవుల్లోకి బయటి విత్తనాలు, పురుగులు చేరకుండా సామాన్లు తనిఖీ చేస్తారు కనుక పండ్లు, గింజలు వెంట తీసుకెళ్లకండి. మధ్యాహ్నం సాధారణంగా చిన్న పడవలో మొదటి దీవికి చేరుస్తారు; కొన్నిచోట్ల నీళ్లలోకే దిగాలి, చెప్పులు చేతపట్టుకోవలసిందే. పాకాల చెరువు గట్టున అడుగుల చప్పుడుకే ఎగిరిపోయే కొంగలను చూసిన మీకు, దారికి అడ్డంగా పడుకుని కదలని సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు), ఒంట్లోని ఉప్పును ముక్కులోంచి తుమ్మినట్టు చిమ్మే సముద్రపు ఇగువానా (పెద్ద బల్లి లాంటి జీవి) వింతగానే తోస్తాయి. అవి బెదరకపోయినా 2 మీటర్ల దూరం పాటించాలన్నది అక్కడి నియమం.