కొళాయి నీళ్ల వార్త పేపర్లో ఎందుకు రాదు, ఎక్కడ ఆగుతుంది?

పాత గుంటూరులో కొళాయి నీళ్లు మురుగు వాసన వస్తున్నాయని, విలేకరికి ఎన్నిసార్లు చెప్పినా వేయలేదని, పైనుంచి ఎవరైనా ఆపించారా అని అడిగారు.

పైదాకా వెళ్లి ఉండదండీ. ఇలాంటి వార్తలు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే ఆగుతాయి. మీరు చెప్పింది బహుశా కంట్రిబ్యూటర్‌కి, అంటే పత్రికకు ఊళ్లోంచి వార్తలు పంపే స్థానిక విలేకరికి. వాళ్లలో చాలామందికి జీతం ఉండదు, అచ్చయినదాన్ని బట్టి వచ్చే కొద్దిపాటి డబ్బే. పైగా పండగలకీ, నాయకుల పుట్టినరోజులకీ యాడ్స్ తేవాలి. ఆ యాడ్ ఇచ్చేది మీ డివిజన్ నాయకుడే అయితే ఇక ఎవరూ ఫోన్ చేసి వద్దనక్కర్లేదు.

డెస్కులో, అంటే వచ్చిన వార్తల్ని ఎంచి దిద్ది పేజీల్లో పెట్టే చోట, ఆగడానికి కారణం వేరు, జాగా. సాయంత్రం యాడ్ వచ్చి పడితే ముందు లేచిపోయేది ఆధారం లేని ఐటమే. అమెరికాలో ఒక పత్రిక వైర్ ఎడిటర్ (ఏజెన్సీల నుంచి వచ్చే వార్తల్ని ఎంచే వ్యక్తి) పక్కన పడేసిన వార్తలకు రాసిన కారణాలను పరిశోధకుడు డేవిడ్ మానింగ్ వైట్ 1950లో ప్రచురించాడు. వచ్చిన వార్తల్లో అచ్చయింది దాదాపు పదో వంతే. కారణాల్లో జాగా లేకపోవడంతో పాటు ఆ ఎడిటర్ సొంత ఇష్టాయిష్టాలూ ఉన్నాయి.

అందుకే ఆధారం మీరే తయారుచేసి ఇవ్వండి. నీళ్లలో మురుగు కలిసిందేమో చూసే చిన్న పరీక్ష సీసా, హెచ్‌టుఎస్ బాటిల్ తెచ్చి, కొళాయిని రెండు నిమిషాలు వదిలాక, మూతి లోపల వేలు తగలకుండా గీత వరకు పట్టండి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించాలి. సంపులోంచో ట్యాంకులోంచో మాత్రం పట్టకండి. ‘మీ ట్యాంకే కడగలేదు’ అని ఇంజినీరు ఒక్క మాటతో కొట్టేస్తారు, అక్కడితో వార్తా పోతుంది. వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. ఆ నంబరు, వీధి పేరు, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లు, పేరు వేసుకోవచ్చనే ఇద్దరి మాటలు, అన్నీ ఒక్క పేజీలో రాసి, ఫొటోలతో మధ్యాహ్నం లోపే పంపండి.

ఒక్కరికే కాదు, పోటీ పత్రికలకూ, లోకల్ ఛానళ్లకూ ఒకే రోజు పంపండి. పక్క పేపర్లో వస్తే ‘మనకెందుకు మిస్సయింది’ అని డెస్కు మర్నాడు అడుగుతుంది. విలేకరికి యాడ్ పోతుందన్న భయం కంటే ఈ ప్రశ్న భయమే ఎక్కువ.

2018లో పాత గుంటూరులో అతిసారంతో మనుషులు చనిపోయారు. ఇది చిన్న సమస్య అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అప్పటికీ రాకపోతే 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ డివిజన్‌లో గత మూడు నెలల నీటి పరీక్షల ఫలితాలు, తేదీలతో సహా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పరీక్షలే చేయలేదని కాగితం మీద వస్తే, దాన్ని ఏ డెస్కూ అంత తేలిగ్గా పక్కన పెట్టదు.