ప్రకటన బొమ్మను ప్రింటుగా దించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బట్టల సబ్బు కాగితం మీది ప్రకటన బొమ్మతో పాప్ ఆర్ట్ (రోజువారీ సరుకులు, ప్రకటనలనే చిత్రాలుగా మలిచే కళ) ప్రింటు చేయబోతున్నావని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. శుభలేఖలు, స్టిక్కర్లు, క్యాలెండర్లు స్క్రీన్ మీద, అంటే ఫ్రేముకు బిగించిన సన్నని గుడ్డలోంచి ఇంకు దించి, అచ్చువేసి బతికినవాణ్ని. ఆ పనితోనే న్యూయార్క్ చిత్రకారులు ఏం సాధించారో తెలిసిన నాటి నుంచి నాకు ఈ విషయం మీద మమకారం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వాళ్లలో ఒకడైన ఆండీ వార్‌హోల్ వేసిన సూప్ డబ్బాల బొమ్మలను ఎదురుగా పెట్టుకుని మొదలుపెడతానన్నావు. 1962లో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో పెట్టిన ఆ 32 బొమ్మలు స్క్రీన్ ప్రింట్లు కావు, చాలామటుకు కుంచెతో వేసినవి. కాగితం మీద సూప్ డబ్బాల ప్రింట్లు 1968లో వచ్చాయి. నీ పనికి వాటికన్నా 1985 నాటి ఆయన ‘యాడ్స్’ (ప్రకటనలు) వరుస దగ్గరగా ఉంటుంది. మొత్తం పది బొమ్మలు, ఒక్కొక్కటి 38 అంగుళాల చదరం. మొబిల్‌గ్యాస్ వారి రెక్కల గుర్రం, షనెల్ సెంటు సీసా, యాపిల్ గుర్తు, ఫోక్స్‌వాగన్ కారు అందులో ఉన్నాయి. వాటిని అచ్చువేసినవాడు రూపర్ట్ జేసన్ స్మిత్. ఆ పేరు కూడా గుర్తుంచుకో. అచ్చువేసిన చేతులను జనం తొందరగా మరిచిపోతారు.

వార్‌హోల్ 1949లో పిట్స్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వెళ్లి, పదేళ్లకు పైగా పత్రికల ప్రకటనలకు చెప్పుల బొమ్మలూ అవీ గీసి సంపాదించాడు. ప్రకటన కంటిని ఎక్కడ పట్టుకుంటుందో ఆయనకు లోపలి నుంచి తెలుసు. నువ్వూ ఆ కాగితాన్ని అలాగే చదవాలి. ఏ రంగు ఎక్కువ చోటు ఆక్రమించింది? అక్షరాలు ఎటు వాలాయి? దుకాణంలో పది అడుగుల దూరం నుంచి మొదట కనిపించేది ఏది? ఇవి రాసి పెట్టుకో. ఆ తరువాత, ఆ కాగితంలో లేనిది నువ్వు ఏం చూపించబోతున్నావో ఒక్క వాక్యంలో రాయి. ఆ వాక్యం దొరికేదాకా ఫ్రేము ముట్టుకోవద్దు. ఉన్న రంగులు మార్చి నాలుగు గళ్లలో నాలుగు సార్లు వేసే ప్రింట్లు బోలెడు చూశాను. వాటి ముందు ఎవరూ నిలబడరు.

దీనికి కొరిటా కెంట్ పని చూడు. లాస్ ఏంజెలెస్‌లో కాలేజీ పాఠాలు చెప్పిన క్రైస్తవ సన్యాసిని, మంచి స్క్రీన్ ప్రింటర్. పత్రికల్లోని ప్రకటనలను నలిపి, మడిచి, ఫోటో తీసి, వంకర తిరిగిన ఆ అక్షరాలను స్క్రీన్ మీదకు ఎక్కించేది. సరుకు అమ్మడానికి పుట్టిన మాటలతో దేవుడి గురించీ ఆకలి గురించీ మాట్లాడింది. నాకు వార్‌హోల్ కన్నా ఆమె మీదే గౌరవం ఎక్కువ.

కాబట్టి నీ సబ్బు కాగితాన్నీ నలిపి చూడు. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో నువ్వే తీయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో జోలికి వెళ్లకు. గాయకుడు ప్రిన్స్ ఫోటో ఆధారంగా వార్‌హోల్ చేసిన బొమ్మను ఒక పత్రికకు ఇచ్చిన వ్యవహారంలో, 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫోటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ పక్షానే నిలిచింది. ప్రింట్లు అమ్మే ఆలోచన ఉంటే కంపెనీ గుర్తు సంగతి కూడా ముందే కనుక్కో.

ఇక అసలు పని పాజిటివ్‌ల దగ్గర, అంటే ఒక్కో రంగుకు ఒకటిగా పారదర్శక ఫిల్ము మీద నల్లగా తీసుకునే బొమ్మల దగ్గర ఉంది. నీకు మూడు రంగులు చాలు: పసుపు, ఎరుపు, నలుపు. నలుపులో మడతల నీడలు హాఫ్‌టోన్ చుక్కలుగా (నీడను బట్టి పెద్దవీ చిన్నవీ అయ్యే చుక్కలు) రావాలి. ఎరుపులో అక్షరాలు ఆ మడతల వెంట విరిగి సాగాలి. పసుపును మాత్రం నలపకుండా, కొత్త కాగితం అంచులంత నిటారుగా, చదునుగా వేయి. నలిగిన అక్షరాల కింద నలగని రంగు కనిపిస్తే, చూసేవాడు అక్కడ ఆగుతాడని నా నమ్మకం. వార్‌హోల్ చివరి దశ ప్రింట్లలో గీత ఒకచోట, రంగు కాస్త పక్కన ఉంటాయి. అది రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కుదరడం) తప్పడం కాదు, పాజిటివ్‌లోనే తీసుకున్న నిర్ణయం. నువ్వూ ఎక్కడ జరపాలో అక్కడే జరుపు. మిగతా చోట్ల ఎరుపు అంచు నలుపు కిందికి అర మిల్లీమీటరు పోనివ్వు, లేకపోతే తెల్ల సందులు కనిపిస్తాయి.

చుక్కలు అంగుళానికి 40 వరుసలు పెట్టుకుంటే, మెష్ (స్క్రీను గుడ్డ) అంగుళానికి 200 దారాలు ఉండాలి. చుక్కల వరుస దారాలకు సమాంతరంగా ఉంటే బొమ్మ మీద అలల్లాంటి చారలు లేస్తాయి, 22.5 డిగ్రీలు తిప్పు. ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూసిన ఫ్రేమును చీకట్లో పూర్తిగా ఆరనివ్వు. ఎక్స్‌పోజింగ్‌కు (పాజిటివ్ పెట్టి ఆ పూతకు వెలుతురు చూపడానికి) ముందు ఒక ముక్క మీద వేర్వేరు సమయాలు పరీక్షించు. కాగితాలను ఒక రోజు ముందే ప్రింట్ గదిలో పరిచి ఉంచు. వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగుతుంది, మూడో రంగుకు వచ్చేసరికి రంగులను కుదిర్చే గుర్తులు కలవవు.

అచ్చు సంగతి నీ చేతికి త్వరలోనే తెలుస్తుంది. మొదట పసుపు, తరువాత ఎరుపు, చివర నలుపు. స్క్రీనుకూ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచు, స్క్వీజీని (ఇంకు లాగే రబ్బరు పట్టీ) ఒకే వంపులో, ఒకే ఒత్తిడితో ఆగకుండా లాగు. ప్రతి లాగుడు తరువాత ఇంకును మెష్ మీద మళ్లీ పరిచి పెట్టు. నీళ్ల ఇంకు మెష్‌లో ఆరిందంటే చిన్న చుక్కలన్నీ మూసుకుపోతాయి.

ప్రతులు ఎన్ని వేయాలని అడిగావు. ‘యాడ్స్’ ఒక్కో బొమ్మ 190 ప్రతులు వేశారు. నువ్వు 15 తో సరిపెట్టుకో, కాని 25 కాగితాలు సిద్ధం చేసుకో. వార్‌హోల్ తీసుకున్న ఫోక్స్‌వాగన్ ప్రకటన అసలు 1960 నాటిది, డోయల్ డేన్ బర్న్‌బాక్ అనే ప్రకటనల సంస్థ వారు తయారు చేసింది. గ్లౌవ్ బాక్స్ మీది క్రోమ్ పట్టీకి మచ్చ పడినందుకు ఒక కారును తనిఖీ చేసేవాడు తిప్పికొట్టాడని అందులో కంపెనీయే చెప్పుకుంది. నువ్వూ ఆరిన ప్రింట్లన్నీ పగటి వెలుతురులో పక్కపక్కన పరిచి, అంతే కఠినంగా చూడు. మచ్చ పడినవి తీసేశాకే పెన్సిలుతో ఎడమ వైపు 1/15, 2/15 లాంటి అంకె, కుడి వైపు సంతకం పెట్టు. వారం తరువాత మనసు మార్చుకుని పదహారోది కలపకు. కొన్నవాళ్లకు నువ్వు ఇచ్చిన మాట ఆ అంకె.

ఎక్స్‌పోజ్ చేయడానికి ముందు మూడు పాజిటివ్‌లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీకి ఆనించి ఫోటో తీసి పంపు. ముందుగా ఎరుపు అంచులు చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న