గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: మాది తాడిపత్రి పక్కన పల్లె. నాపరాళ్ల కప్పు ఇల్లు. ఫోన్‌లో గీతలన్నీ నిండుగానే ఉంటాయి. రాత్రి ఎనిమిదైతే మాత్రం పిల్లోడి ఆన్‌లైన్ క్లాసు ఆగాగి పోతాది. మిద్దెక్కితే బాగుండాల గదా, అక్కడ ఇంకా అన్యాయం. సిగ్నల్ చూసి ఎంత స్పీడొస్తాదో ముందే లెక్కేసుకునే దారుందా?
- ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఉందండీ, కానీ గీతలతో ఆ లెక్క తేలదు. గీతలు ప్రధానంగా సిగ్నల్ బలాన్నే చూపిస్తాయి. స్పీడును తేల్చే అంకె ఎస్‌ఐఎన్‌ఆర్. పక్క టవర్ల రొద, నాయిస్ (ఎప్పుడూ సహజంగా ఉండే గరగర) రెండూ కలిపినదానికంటే మీ టవర్ సిగ్నల్ ఎన్ని రెట్లుందో అది చెబుతుంది. దాన్ని డెసిబెల్స్‌లో చూపిస్తారు: 0 అంటే మీ సిగ్నల్, ఆ రొదంతా సమానం, 3 అంటే రెట్టింపు, 10 అంటే పది రెట్లు, 20 అంటే నూరు రెట్లు.

ఆ రెట్లకు ఒకటి కలపండి. కాలిక్యులేటర్లో దాని లాగ్‌ను 2 లాగ్‌తో భాగించి, వచ్చినదాన్ని బ్యాండ్ వెడల్పుతో, అంటే టవర్ వాడే ఫ్రీక్వెన్సీల పరిధి ఎన్ని మెగాహెర్ట్జో దానితో, హెచ్చించండి. 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ఇదే. ఎస్‌ఐఎన్‌ఆర్ 10 ఉందనుకోండి: పది రెట్లకు ఒకటి కలిపితే 11, దానికి 3.46 వస్తుంది. 10 మెగాహెర్ట్జ్ వెడల్పుకు సెకనుకు 34.6 మెగాబిట్లు. అది ఒక ధారకు (టవర్ ఒకేసారి పంపగల డేటా వరుసల్లో ఒకదానికి) గరిష్ఠ హద్దు. చేతికందేది అందులో 60 శాతమని వేసుకుంటే సుమారు 20. అదీ మీ ఒక్కరికే కాదు. ఆ వేళకు పదిమంది వాడుతూ, టవర్ టైం సమానంగా పంచితే మీ వాటా 2.

రాత్రి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. వాడేవాళ్లు పెరుగుతారు, పక్క టవర్లూ పనిలో పడి రొద పెంచుతాయి. ఎస్‌ఐఎన్‌ఆర్ 3కు దిగితే అదే లెక్కలో, 60 శాతం తీసుకున్నాక, 9.5 మెగాబిట్లే. ఇరవై మందికి పంచితే అర మెగాబిట్ కూడా రాదు. గీతలు మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే టవర్ బలమేమీ తగ్గలేదు. మీ ఫోన్ 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటే ఇంకొంత తగ్గించుకోండి. అక్కడ అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడుకుంటాయి.

ఇక మిద్దె సంగతి. పైకెక్కితే మీ టవర్‌తో పాటు దూరపు టవర్లన్నీ కంటికెదురుగా వస్తాయి. బలం పెరిగినా రొద అంతకంటే పెరిగితే ఎస్‌ఐఎన్‌ఆర్ పడిపోతుంది. అందుకే నడిమిద్దెలో నిలబడకండి. పిట్టగోడ గానీ మెట్ల గది గోడ గానీ మీ వెనక ఉండేలా, టవర్ వైపు ముఖంగా హాట్‌స్పాట్ ఫోన్ పెట్టి చూడండి. వెనక నుంచి వచ్చే రొదను ఆ గోడ కొంత ఆపుతుంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తరంగం పొడవు దాదాపు 17 సెంటీమీటర్లు. ఫోన్‌ను బెత్తెడు జరిపినా అంకె మారిపోతుంది. ఒక్కసారి చూసి నమ్మితే లెక్క తప్పుతుంది. ఫోన్‌ను స్టూలు మీద పెట్టి, బెత్తెడు బెత్తెడు జరుపుతూ పది రీడింగులు రాసుకుని, వరుసలో నడుమ వచ్చిన అంకెను తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్ లోపలి సిమ్ స్టేటస్‌లో డీబీఎం అనే కొలతలో సిగ్నల్ బలమే కనిపిస్తుంది. ఎస్‌ఐఎన్‌ఆర్‌కూ, బ్యాండ్ నంబరుకూ సెల్ వివరాలు చూపే యాప్ కావాలి. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదికి, మూడు రోజులు రాయండి. పక్కనే స్పీడ్ టెస్ట్ ఫలితం కూడా. మీ లెక్కకూ అసలు స్పీడుకూ మధ్య నిష్పత్తి ఏ వేళకెంతో తేలాక, ఆ నిష్పత్తితో హెచ్చిస్తే ఆ వేళ స్పీడును ముందే దాదాపుగా చెప్పగలరు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ బిగిస్తే ఫలితముంటుందా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. అది సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది; పక్క టవర్ల రొదే అసలు చిక్కైతే ఎస్‌ఐఎన్‌ఆర్ బాగుపడదు, గీతలు మాత్రం పెరుగుతాయి. పైగా అనుమతి లేకుండా బిగించడం మన దేశంలో నేరం, చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకూ ఇబ్బంది. బయటి యాంటెన్నా బిగించే సాకెట్లున్న 4జీ రౌటర్ కొని, టవర్ వైపు తిప్పే యాంటెన్నా పెట్టుకోండి. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.