పాత ఎం.జి.బి. ముందు చక్రం దగ్గర టకటక శబ్దం: షాక్ అబ్జార్బర్లు మారిస్తే సరిపోతుందా?

మీ 1960ల నాటి ఎం.జి.బి. (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) గతుకుల్లో వెళ్తున్నప్పుడు ముందు ఎడమ వైపు నుంచి టకటకమని శబ్దం వస్తోందనీ, స్టీరింగు నిలకడగా ఉండడం లేదనీ, షాక్ అబ్జార్బర్లు మారిస్తే చాలని మెకానిక్ అంటున్నారనీ, మీరేమో పాలీయురెథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్‌ల (కదిలే కీళ్ల దగ్గర వేసే తొడుగుల) సెట్టు తెప్పించి అన్నీ ఒకేసారి మార్చేద్దామనుకుంటున్నారనీ రాశారు. ఇదే మోడల్ కారు ముందు, వెనక సస్పెన్షన్లను నేను స్వయంగా విప్పి బిగించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఏ భాగం అరిగిందో చేత్తో పట్టి తేల్చుకునేదాకా ఏదీ కొనకండి. కొన్న తరవాత, ఏ రకం బుష్ కొన్నారన్నదాని కంటే దాన్ని కారు ఏ స్థితిలో ఉండగా బిగించారన్నదే ఎక్కువ ముఖ్యమవుతుంది.

ముందు భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే, ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే లోపం చక్రం బేరింగులో ఉన్నట్టు. అలాగే ఉంటే కింగ్ పిన్‌లోనో (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు ఇరుసు), దాని రెండు చివర్లను సస్పెన్షన్ ఆర్ములకు (చక్రాన్ని కారుకు కలిపే చేతులకు) కలిపే ట్రనియన్లలోనో, వాటి బుష్‌లలోనో వెతకాలి. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట తెలుస్తుంటే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ల చివర్లను చూడండి.

మీ మెకానిక్ మాటను కొట్టిపారేయకపోవడానికి ఒక కారణం ఉంది. ఈ కారులో ముందు షాక్ అబ్జార్బర్ గొట్టంలా ఉండే రకం కాదు, లీవర్ రకం. దాని చేతులే సస్పెన్షన్‌కు పై ఆర్ముగా పనిచేస్తాయి. అంటే దాని ఇరుసు లోపల అరిగితే చక్రం పైభాగం లోపలికీ బయటికీ కదులుతుంది, ఆ కదలిక అచ్చం కింగ్ పిన్ అరిగినట్టే అనిపిస్తుంది. అందువల్ల చక్రాన్ని ఒకరు ఊపుతుండగా మీరు ఇరుసు మొదట్లో వేలు ఆనించి చూడండి. కదలిక ఎక్కడ పుడుతోందో వేలికి తెలిసిపోతుంది. అక్కడ నూనె చెమ్మ కూడా ఉంటే ఆ షాక్ అబ్జార్బర్‌ను మార్చాల్సిందే. పైనుంచి నూనె పోసినంత మాత్రాన కారడం ఆగదు, అరిగిన ఇరుసు బాగుపడదు.

ఇక బుష్‌ల సంగతి. నేను కొన్న కారులో కింది ఆర్ము బుష్‌లు పైకి కొత్తవాటిలాగే ఉన్నాయి, వాటిని మార్చి ఎంతో కాలం కాలేదని అమ్మినవారి రసీదులు కూడా చెబుతున్నాయి. అయినా గతుకు వచ్చిందంటే చాలు, శబ్దం. విప్పి చూస్తే రబ్బరు ఒక పక్క నెలవంక ఆకారంలో చీలి, లోపలి ఇనుప గొట్టం నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది. రబ్బరు వదిలేసిన ఆ గొట్టం రాపిడికి అద్దంలా మెరుస్తోంది. రబ్బరు నాసిరకమైతే చుట్టూరా పగుళ్లు కనిపించాలి, ఒక్క పక్కే చీలదు. దాన్ని బిగించిన వర్క్‌షాపు వారు కారును పైకి లేపి, చక్రాలు వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించేశారని ఆ చీలికే చెప్పింది.

ఇనుప గొట్టానికి అతికించిన రబ్బరు బుష్ మామూలు బేరింగులాగా తిరగదు. నట్టు బిగించగానే లోపలి గొట్టం అక్కడే కదలకుండా ఉండిపోతుంది, ఆర్ము పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మధ్యలో ఉన్న రబ్బరు మెలితిరిగి తిరిగి యథాస్థితికి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే రాత్రింబవళ్లు ఉంటుంది. ఆపైన గతుకు వచ్చినప్పుడు తట్టుకోగల హద్దు దాటి చీలిపోతుంది. కాబట్టి నట్లను మొదట వేలితో బిగించినంతే బిగించి, చక్రాలు తొడిగి, కారును దించి, ముందు నుంచి రెండు మూడుసార్లు నొక్కి వదిలి, బరువంతా చక్రాల మీద కుదురుకున్నాకే టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వండి. కిందికి చేరడం కష్టమైతే చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించుకోవచ్చు.

పాలీయురెథేన్ బుష్‌లకు ఈ బాధ లేదు, అవి గొట్టం మీద తిరుగుతాయి. కానీ తగిన గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటాయి, రోడ్డు అదురును ఎక్కువగా లోపలికి పంపుతాయి. ఈ కారుకు మొదట వచ్చిన బుష్‌లు రెండు ముక్కల రబ్బరువి. నేనైతే ఆ రకానికి బదులు, ఇదే కారు వి8 మోడల్‌కు వాడిన, గొట్టానికి అతికించిన రబ్బరు బుష్‌లు వేశాను. పట్టూ ఉంది, మెత్తదనమూ పోలేదు. ఎక్కడో గోదాములో దశాబ్దాలుగా పడి ఉన్న అసలు కంపెనీ రబ్బరు దొరికిందని మాత్రం సంబరపడకండి. రబ్బరు వాడకపోయినా గాలికీ వయసుకూ గట్టిపడి పగులుతుంది. బిగుతుగా ఉన్న బుష్‌ను ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు, మినరల్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

కాయిల్ స్ప్రింగు తీసేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. నొక్కుకుపోయి ఉన్న ఆ స్ప్రింగు చెయ్యి దాటి ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకపోతే ఈ ఒక్క పనినీ అలవాటున్న వారికి వదిలేయండి. బ్రేకు క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను పట్టి నొక్కే భాగాన్ని) దాని బ్రేకు నూనె గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టి ఉంచండి. తుప్పు పట్టిన బోల్టులకు కొన్ని రోజుల ముందు నుంచే పెనిట్రేటింగ్ ఆయిల్ పోస్తూ ఉంటే పని సగం తేలికవుతుంది. కాటర్ పిన్లు, నైలాక్ నట్లు (బిగింపు ఊడకుండా ఆపేవి) పాతవి మళ్లీ వాడకూడదు. ఒక పక్క బుష్‌లు మారిస్తే రెండో పక్కవీ మార్చండి, లేకపోతే రెండు వైపులా నడత తేడాగా ఉంటుంది.

వెనక కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) విషయంలోనూ ఇదే పద్ధతి. కట్ట ముందు చివర ఉండే కన్నులోని (గుండ్రని రంధ్రంలోని) బుష్ అతికించిన రబ్బరుదే కాబట్టి దాన్ని కూడా బరువు మీదే బిగించాలి. ఇరుసును కట్టకు పట్టి ఉంచే యు-బోల్టులు కొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూడండి.

కింగ్ పిన్ బాగానే ఉందని తేలితే దాని గ్రీజు నిపుల్స్ మూడింటికీ, చక్రాలు గాలిలో ఉండగా, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గ్రీజు ఎక్కించండి. చక్రాల మీద బరువు ఉంటే గ్రీజు అందాల్సిన చోటికి అందదు. ఒకవేళ మీ పరీక్షలో ఆట అక్కడే తేలితే, రీమింగ్ చేయగల మెషిన్ షాపును ముందుగానే మాట్లాడుకోండి, ఎందుకంటే కొత్త బుష్‌ను కొలతకు కోయడం ఇంట్లో అయ్యే పని కాదు. అంతా అయ్యాక ముందు చక్రాల టో అమరిక (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) చూపించండి. ఈ కారులో క్యాంబర్ (చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (కింగ్ పిన్ ముందుకో వెనక్కో వాలిన కోణం) సర్దుబాటుకు వీలు లేదు. అలైన్‌మెంట్ యంత్రం వాటిని తప్పుగా చూపిస్తే ఎక్కడో ఒక ఆర్ము వంగి ఉందనో, స్ప్రింగు కుంగిపోయిందనో అనుమానించాలి.