చేదు సొరకాయను వండుకోవచ్చా?

ప్రశ్న: మా పెరటి సొరపాదుకు ఈసారి చేదు కాయలు కాశాయి. ఉప్పు పట్టించి, నీరు పిండేసి, బాగా ఉడికిస్తే చేదు పోతుందని మా అత్తగారు అంటున్నారు. తినవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తినకండి. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు వంట వేడికి నశించవు కనుక, ఎంతసేపు ఉడికించినా, పులుసు పెట్టినా విషం కూరలోనే ఉండిపోతుంది. కాకరకాయ చేదుగా ఉన్నా తింటున్నాం కదా అనుకోకండి; ఆ చేదు వేరే పదార్థాల వల్ల వచ్చేది. పరగడుపున తాగే పచ్చి సొరకాయ రసం మరీ ప్రమాదకరం; మందన్నాక చేదుగానే ఉంటుందని ఓర్చుకుని గ్లాసెడు తాగినవారికి కొద్దిసేపట్లోనే వాంతులు, విరేచనాలు మొదలై, రక్తం కక్కుకుని, రక్తపోటు పడిపోయి, ప్రాణాలు పోయిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే. కోసేటప్పుడే చిన్న ముక్కను నాలుకకు తాకించి చూసి, చేదనిపిస్తే ఉమ్మేసి, కాయను పారవేయండి. దాని గింజలను విత్తనానికి ఉంచవద్దు.