టెక్ దిగ్గజానికి భారీ జరిమానా అంటే ప్రభుత్వం దాన్ని అదుపు చేసినట్టేనా?

అంకె ఒక్కటే చూసి చెప్పలేం. ముందు జరిమానాను కంపెనీ ఏడాది ఆదాయంతో, లాభంతో పోల్చండి. రెండూ వార్షిక నివేదికలో దొరుకుతాయి. 2018లో ఆండ్రాయిడ్ కేసులో యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ గూగుల్‌కు 434 కోట్ల యూరోలు, అంటే దాదాపు 500 కోట్ల డాలర్లు వేసింది. వినడానికి కొండంత. మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆ ఏడాది ఆదాయం సుమారు 13,680 కోట్ల డాలర్లు, లాభం 3,070 కోట్లు. అంటే ఆదాయంలో నాలుగు శాతం లోపే, లాభంలో ఆరో వంతు.

జరిమానా వేసిన రోజు హెడ్‌లైన్ వస్తుంది, అప్పీలు తీర్పు లోపలి పేజీల్లోకి పోతుంది. ఇదే మొత్తాన్ని 2022లో కోర్టు 412.5 కోట్ల యూరోలకు తగ్గించింది.

అసలు చదవాల్సింది ఆదేశం: ఏ పని మానమన్నారు, ఎప్పటిలోగా, తనిఖీ ఎవరిది? ఆపిల్ బ్రౌజర్ సఫారీలో తన సెర్చే ముందుగా ఉండేందుకు గూగుల్ 2022లో ఆ కంపెనీకి సుమారు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. పై జరిమానాకు అది దాదాపు నాలుగింతలు, అదీ ఒక్క ఏడాదికి! ఇలాంటి ఒప్పందాలను ముట్టుకోని జరిమానా ఖర్చుల పద్దులో ఒక వరుస, అంతే.

ప్రభుత్వాన్నీ ఇలాగే తూచాలి. కొత్త అధికారం అడిగితే, ఆ అధికారంతో తీసుకునే నిర్ణయంపై అప్పీలు ఎవరు వింటారో చట్టంలో వెతకండి.